ట్రాక్టరు గేరుపెట్టె: పోషణ, మరమ్మతు

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. ఎడ్లబండ్లు వున్న రోజుల్లో ఏ రైతూ కందెన చూసుకోకుండా బండి కట్టేవాడు కాదు. దారిలో ఇరుసు కిర్రుమంటే దిగి చూసుకునేవాడు. ఈనాడు ఆ బండి స్థానంలో ట్రాక్టరు వచ్చింది. దాని ఇరుసూ, పళ్ళచక్రాలూ ఇనుప పెట్టెలో దాగి వున్నాయి. కంటికి కనబడవు. కనబడవు గనుకనే వాటిని మరచిపోతున్నాం. డీజిలు చూస్తాం, రేడియేటరులో నీళ్ళు చూస్తాం, ఇంజను ఆయిలు చూస్తాం. మన సీటు కిందనే వున్న గేరుపెట్టె మాత్రం మొరాయించిన రోజున గాని గుర్తుకు రాదు.

అది మొరాయించేది ఎప్పుడు? తీరికగా వున్న వేసవిలో కాదు. కాలవకు నీరు వదిలి, నారు చేతికి వచ్చి, వూరంతా దమ్ములకు దిగినప్పుడు. తెలంగాణలో దీనినే కరిగెట అంటారు. బరువు పని అప్పుడే పడుతుంది కనుక లోపలి జబ్బు అప్పుడే బయటపడుతుంది. మెకానికు వచ్చి “ట్రాక్టరును రెండు ముక్కలు చేయాలి, వారం పడుతుంది” అంటాడు. బాడుగకు మరొక ట్రాక్టరు దొరకదు, అందరికీ అదే అదను గదా. ఈలోగా నారు ముదురుతుంది. ముదురు నారు నాటితే పిలకలు తక్కువ, పిలకలు తగ్గితే కంకులు తక్కువ. బ్యాంకు కిస్తీ మాత్రం తగ్గదు. కాబట్టి గేరుపెట్టె సంగతి యంత్రం సంగతి మాత్రమే కాదు, పంట సంగతి కూడా.

ఒక్క మాట ముందుగానే మనవి చేస్తాను. గేరుపెట్టె ఒక్క రోజులో చెడిపోదు. చెడిపోయేముందు వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి చెబుతూనే వుంటుంది. శబ్దంతో చెబుతుంది, నూనె రంగుతో చెబుతుంది, పెడలు కింద కాలికి తెలిసేటట్లు చెబుతుంది. ఆ మాట వినడం నేర్చుకుంటే సగం మరమ్మతు అయిపోయినట్లే.

ముందు దాని పని ఏమిటో చూద్దాం. ఇంజను చక్రాలను తిప్పుతున్నదని అనుకుంటాం. నిజమే గాని, నేరుగా తిప్పదు. చిన్న లెక్క వేసి చూడండి. పనిలో వున్న ఇంజను నిమిషానికి సుమారు 2000 చుట్లు తిరుగుతుంది. మామూలు ట్రాక్టరు వెనుక చక్రం ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 4 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున దున్నుతున్నామంటే ఆ చక్రం నిమిషానికి 17 చుట్లే తిరుగుతున్నదన్నమాట. అంటే ఇంజను దాదాపు 120 చుట్లు తిరిగితే చక్రానికి ఒక చుట్టు. వేగం అంత తగ్గింది, బలం దానికి తగినట్లు పెరిగింది. బండరాయిని చేతులతో కదపలేని మనిషి పొడుగాటి గడ్డపార వేసి కదిలిస్తాడు. చేయి బారెడు దిగితే రాయి బెత్తెడు లేస్తుంది. గేరుపెట్టె చేసేది ఆ గడ్డపార పనే.

ఇంజను బలం నాలుగు మజిలీలు దాటి నేలకు చేరుతుంది. మొదటిది క్లచ్చి. రెండవది గేరుపెట్టె. మూడవది డిఫరెన్షియలు, మన మెకానికులు క్రౌను అంటారు. మలుపులో లోపలి చక్రం తక్కువగా, బయటి చక్రం ఎక్కువగా తిరగనిచ్చేది ఇదే. నాలుగవది చివరి గేర్లూ, వెనుక ఇరుసూ. ఇంజను బలమంతా ఏ క్షణాన చూసినా ఒకటి రెండు పళ్ళ అంచులమీదనే మోపి వుంటుంది. ఆ పళ్ళ మధ్య నూనె పొర వున్నంతకాలం ఇనుము ఇనుమును తాకదు. ఆ పొర పోయిననాడు పళ్ళు ఒకదానినొకటి కొరుక్కుతింటాయి.

ఇక క్లచ్చి విషయం. ఇంజను చివర తిరిగే ఫ్లైవీలుకూ, ప్రెషరు ప్లేటుకూ మధ్య బిగిసి వుండే గుండ్రని పలకే క్లచ్చి ప్లేటు. పెడలు తొక్కితే పట్టు విడుస్తుంది, వదిలితే పట్టుకుంటుంది. పూర్తిగా పట్టుకున్నప్పుడు ప్లేటు అరగదు. పూర్తిగా విడిచినప్పుడూ అరగదు. సగం పట్టి సగం జారినప్పుడే అరుగుతుంది. మరి మన డ్రైవర్లలో చాలామంది చేసేదేమిటి? దున్నినంతసేపూ ఎడమకాలు పెడలుమీద ఆనించి కూర్చుంటారు. గట్టు దగ్గర మలుపులో గేరు తగ్గించకుండా సగం క్లచ్చి మీద లాగిస్తారు. కాలు బరువు తక్కువే అనిపిస్తుంది గాని ప్లేటుకు అది తెలుస్తుంది. ఏళ్ళ తరబడి రావలసిన ప్లేటు ఒకటి రెండు సీజన్లలో కాలిపోవడానికి పెద్ద కారణం ఇదే. కాలు పెట్టేందుకు పక్కన జాగా వుంది, అక్కడ పెట్టుకోవలె.

పెడలుకు కొంచెం ఖాళీ ఆట వుండాలి. చేత్తో పెడలును మెల్లగా నొక్కండి. మొదట తేలికగా కదిలి, తర్వాత గట్టిగా తగులుతుంది. ఆ తేలికగా కదిలిన దూరమే ఆట. చాలా ట్రాక్టర్లలో ఇది 20 నుంచి 30 మిల్లీమీటర్లు, అంటే రమారమి ఒక అంగుళం. మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఎంత అని రాసి వుంటే అదే ప్రమాణం. ప్లేటు అరిగేకొద్దీ ఈ ఆట తగ్గుతుంది. ఆట బొత్తిగా లేకపోతే కాలు తీసినా క్లచ్చి సగం తొక్కినట్లే వుండి ప్లేటు జారుతుంది. ఆట మరీ ఎక్కువయితే పెడలు చివరిదాకా తొక్కినా పట్టు విడవక గేర్లు గరగరలాడతాయి. పిల్లల స్కూలు స్కేలు ఒకటి పెట్టుకుని పక్షానికొకసారి కొలవండి. తేడా వుంటే లింకురాడ్డు నట్టు వదులుచేసి సరిచేసుకోవచ్చు. ఇది రైతు ఇంటివద్దనే చేసుకోదగిన పని.

రెండు ప్లేట్ల క్లచ్చి వున్న ట్రాక్టర్లలో పెడలు సగం తొక్కితే బండి ఆగుతుంది, పూర్తిగా తొక్కితే వెనుక తిరిగే పి.టి.ఓ. షాఫ్టు కూడా ఆగుతుంది. రోటవేటరు, నూర్పిడి యంత్రం నడిపేవారు తమ ట్రాక్టరు ఏ రకమో తెలుసుకుని వుండాలి. సగం తొక్కి “ఆగిపోయింది” అనుకుని యంత్రంలో చేయి పెట్టినవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైనది, నూనె. నూనె గురించి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎంత వుంది? ఏ రకం? ఎట్లా వుంది?

ఎంత వుందో చూడడానికి ట్రాక్టరును చదునైన నేలమీద నిలిపి, ఇంజను ఆపి, నూనె అడుగుకు దిగేదాకా కాసేపు ఆగాలి. కొలపుల్లను తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి తీయాలి. రెండు గీతల మధ్య వుండాలి. కింది గీతకు దిగువన వుంటే పై గేర్లకు నూనె అందదు. పై గీత దాటి పోసినా మంచిది కాదు. ఎక్కువైన నూనె నురుగు కట్టి, వేడెక్కి, సీళ్ళగుండా బయటకు తోసుకువస్తుంది.

ఏ రకం నూనె అంటే, దానికి పక్కింటాయన సలహా పనికిరాదు. పాత ట్రాక్టర్లు చాలావాటిలో గేరుపెట్టెకు 90 నంబరు గేరు ఆయిలు వాడతారు. కాని ఇప్పటి ట్రాక్టర్లలో ఎక్కువభాగం బ్రేకులు నూనెలో మునిగి వుండేవి. వాటిలో గేర్లకూ, హైడ్రాలిక్కు లిఫ్టుకూ, బ్రేకులకూ ఒకటే నూనె. అట్లాంటి బండిలో మామూలు 90 నంబరు పోస్తే బ్రేకులు కీచుమంటాయి, సరిగా పట్టవు, లిఫ్టు కూడా దెబ్బతింటుంది. రెండు రకాలు కలిపి పోయడం అంతకంటె తప్పు. ఇంజనులోనుంచి తీసిన నల్లని పాత ఆయిలును “పారబోయడమెందుకు” అని గేరుపెట్టెలో పోసేవారు కూడా వున్నారు. ఆ పొదుపు ఎట్లాంటిదంటే, పురుగుపట్టిన విత్తనం దాచి చల్లుకున్నట్లే.

నూనె ఎట్లా వుంది అన్నది మూడవ ప్రశ్న. మంచి నూనె వేళ్ళ మధ్య రుద్దితే జిగురుగా, నున్నగా వుంటుంది. నల్లబడి మాడువాసన వస్తే కాలిపోయిందన్నమాట. మజ్జిగలాగా తెల్లగా వుంటే నీరు కలిసిందన్నమాట. వేళ్ళకు గరుకుగా తగిలితే మట్టిగాని, ఇనుపరజనుగాని చేరిందన్నమాట.

చాలా మోడళ్ళలో 1000 గంటల పనికి ఒకసారి ఈ నూనె మార్చమని వుంటుంది. కొత్త ట్రాక్టరుకు మాత్రం మొదటి మార్పు చాలా ముందుగా చేయించాలి, కొత్త పళ్ళు ఒరుసుకున్నప్పుడు రాలిన రజను అందులో వుంటుంది గనుక. దమ్ములో ఎక్కువగా తిరిగే బండికి గంటలు నిండేదాకా ఆగనక్కరలేదు, సీజను ముగియగానే మార్చడం మేలు. పట్టేది 30 లీటర్లు మొదలు 60 లీటర్ల వరకు వుంటుంది కనుక ఖర్చు కొంచెం ఎక్కువే. కాని ఒక్క క్రౌను పీనియను జత మార్చిన రైతును అడిగి చూడండి, నూనె ఖర్చు ఎంత తక్కువో ఆయన చెబుతాడు.

నూనె తీసేది పని ముగించి వచ్చిన తర్వాత, వెచ్చగా వున్నప్పుడు. అప్పుడయితే అడుగున చేరిన మడ్డి కూడా వచ్చేస్తుంది. డ్రెయిను బోల్టుకు అయస్కాంతం వుంటే దానిని శ్రద్ధగా చూడండి. కాటుకలాంటి మెత్తని నల్లని పూత వుంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. నూకలంత ముక్కలు, పొరలు అంటుకుని వుంటే ఏదో పన్నుగాని, బేరింగుగాని విరుగుతున్నదన్నమాట. అప్పుడు కొత్త నూనె పోసి ఊరుకోకూడదు, మెకానికుకు చూపించాలి. ఆ ముక్కలు పారవేయకుండా ఒక కాగితంలో చుట్టి ఆయనకు ఇవ్వండి. ఏ భాగం విరిగిందో అనుభవం వున్న మెకానికు వాటిని చూసి చెప్పగలడు.

దమ్ము విషయం ప్రత్యేకంగా చెప్పవలసి వుంది. మన వరి ప్రాంతాలలో గేరుపెట్టెకు శత్రువు బరువు కాదు, నీరు. నీరు చేరే దారులు అయిదు. కొలపుల్ల మూత, నూనె పోసే మూత ఒకటి. గేరు రాడ్డు మొదట వుండే రబ్బరు తొడుగు రెండు. గేరుపెట్టెకు గాలి ఆడేందుకు పెట్టిన బ్రీదరు మూడు. వెనుక ఇరుసు చివరల ఆయిలు సీళ్ళు నాలుగు. క్లచ్చి వుండే పెట్టె అడుగున వుండే చిన్న రంధ్రం అయిదు.

ఈ అయిదవది చాలామందికి తెలియదు. పొడినేలలో పనిచేసేటప్పుడు ఆ రంధ్రం తెరచి వుండాలి. లోపల సీలు కారితే ఆ నూనె కిందికి చుక్కలుగా పడి మనకు తెలుస్తుంది, ప్లేటుకు అంటదు. దమ్ముకు దిగేముందు మాత్రం దానికి బిరడా బిగించాలి. లేకపోతే బురదనీరు క్లచ్చిలోకి ఎక్కుతుంది. దమ్ములు కాగానే ఆ బిరడా మళ్ళీ తీసివేయాలి. తీసినప్పుడు నీరు వస్తే సీళ్ళు చూపించాలి, నూనె వస్తే మరీ త్వరగా చూపించాలి. మీ బండికి ఆ బిరడా వున్నదో లేదో, వుంటే ఎక్కడ పెట్టారో ఇవాళే వెతికి చూడండి.

బ్రీదరు మూసుకుపోయినా ప్రమాదమే. గేరుపెట్టె వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బయటకు పోయే దారి లేక సీళ్ళను తోసుకుని నూనె కారుతుంది. చల్లని నీటిలోకి దిగగానే లోపలి గాలి కుంచించుకుని అదే సీళ్ళగుండా నీటిని పీల్చుకుంటుంది. పదిహేను రోజులకొకసారి బ్రీదరును తీసి డీజిలులో కడిగి, ఆరబెట్టి బిగిస్తే చాలు. ఇరుసు చివర గడ్డి, నైలాను తాడు ముక్కలు చుట్టుకుంటే ఏ సాయంకాలానికి ఆ సాయంకాలమే కోసివేయాలి. అవి సీలును కోసేస్తాయి.

దమ్ముల రోజులలో రోజూ పొద్దున స్టార్టు చేయకముందే కొలపుల్ల చూడాలి. అనుమానం వుంటే డ్రెయిను బోల్టును కొద్దిగా వదులు చేయండి. నీరు నూనెకంటె బరువు గనుక రాత్రంతా నిలిచిన బండిలో అడుగుకు చేరి, మొదట నీటిబొట్లే వస్తాయి. నూనె మజ్జిగ అయినట్లయితే ఆ రోజు పని ఆపవలసిందే. అంతా దింపి, నీరు ఎక్కడనుంచి వచ్చిందో కనిపెట్టి, ఆ దారి మూసి, కొత్త నూనె పోసి, కాసేపు బరువు లేకుండా నడిపి మళ్ళీ చూడాలి. ఇంకా తెల్లగానే వుంటే మరొకసారి మార్చాలి. “ఈ రెండెకరాలు కానిచ్చి చూద్దాం” అని నడిపినవారికి బేరింగులు తుప్పుపట్టి అసలు ఖర్చు తర్వాత వస్తుంది.

నడిపే పద్ధతిలో కూడా కొన్ని జాగ్రత్తలున్నాయి. చాలా ట్రాక్టర్లలో దుక్కి గేర్లు బండి నిలిపి మార్చవలసినవి. నడుస్తుండగా గేరు నెట్టి గరగరలాడించిన ప్రతిసారీ పన్ను అంచు కొంత రాలుతుంది. బరువుకు తగిన గేరు ముందే వేసుకుని చాలు మొదలుపెట్టండి. డిఫరెన్షియలు లాకు వేసేది ఒక చక్రం జారుతున్నప్పుడు, తిన్నగా పోవడానికి మాత్రమే. లాకు వేసివుండగా మలుపు తిప్పితే రెండు చక్రాలూ సమానంగా తిరగవలసి వచ్చి క్రౌనుమీద భారమంతా పడుతుంది. చక్రం వేగంగా జారుతుండగా లాకు తొక్కడం కూడా తప్పే, క్లచ్చి తొక్కి చక్రం ఆగిన తర్వాత వేయాలి. దమ్ముచక్రాలు బురదకోసం పెట్టినవి. వాటితో గట్టినేలమీద, తారురోడ్డుమీద నడిపితే రోడ్డు చెడిపోవడం ఒకటి, ప్రతి రేకు తగిలినప్పుడు ఇరుసుకూ చివరి గేర్లకూ సమ్మెట దెబ్బ తగలడం మరొకటి.

ఇక జబ్బు గుర్తులు. వైద్యుడు నాడి చూసినట్లు మనమూ చూడవచ్చు.

ఇంజను మోత పెరుగుతుంది గాని బండి లాగదు, మాడువాసన వస్తుంది. ఇది క్లచ్చి జారడం. నిర్ధారణ చేసుకోవాలంటే ముందువైపు ఎవరూ లేకుండా చూసి, బ్రేకు గట్టిగా పట్టి, పై గేరు వేసి, తక్కువ వేగంలో పెడలు మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోతే క్లచ్చి బాగున్నట్లు. ఆగకుండా తిరుగుతూ వుంటే జారుతున్నట్లు. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే ప్లేటు మనమే కాల్చినవాళ్ళం అవుతాం.

పెడలు తొక్కినప్పుడు మాత్రమే కిర్రుమని శబ్దం వస్తే క్లచ్చి రిలీజు బేరింగు అరిగింది. న్యూట్రలులో శబ్దం వుండి, పెడలు తొక్కగానే పోతే గేరుపెట్టెలోని ముందు షాఫ్టు బేరింగును అనుమానించాలి. ఏదో ఒక్క గేరులోనే శబ్దం వస్తే ఆ గేరు పళ్ళకే దెబ్బ. పనిలో గేరు దానంతట అదే జారి న్యూట్రలుకు వస్తుంటే గేరును పట్టి వుంచే స్ప్రింగు బలహీనపడిందనిగాని, ఫోర్కుగాని పళ్ళుగాని అరిగిపోయాయనిగాని అర్థం. అప్పుడు గేరు రాడ్డును మోకాలితో ఒత్తిపట్టి దున్నేవారున్నారు, దానివల్ల ఫోర్కు మరింత అరుగుతుంది. తిన్నగా పోయేటప్పుడు లేని శబ్దం మలుపులో వస్తే డిఫరెన్షియలును చూపించాలి.

మరమ్మతులో రైతు చేసుకోదగినవీ, చేయకూడనివీ వున్నాయి. పెడలు ఆట సరిచేయడం, నూనె చూడడం, మార్చడం, బ్రీదరు, జల్లెడ ఫిల్టరు కడగడం, గేరు రాడ్డు రబ్బరు తొడుగు మార్చడం, బయటి బోల్టులు బిగించడం, గ్రీజు పెట్టడం మన పనులు. ట్రాక్టరును విప్పి రెండు ముక్కలు చేయడం, బేరింగులు, గేర్లు, క్రౌను సర్దుబాటు తెలిసిన మెకానికు పనులు. చెట్టుకొమ్మకు గొలుసు కట్టి, రాళ్ళు పేర్చి ట్రాక్టరును విడదీయకండి. రెండు సగాలకూ గట్టి స్టాండ్లు వుండాలి. ముందు ఇరుసుకూ బండి చట్రానికీ మధ్య రెండువైపులా చెక్కమేకులు దిగగొట్టాలి. లేకపోతే విడిపోయిన ఇంజను పక్కకు ఒరిగి మనిషిమీద పడుతుంది.

క్లచ్చి ప్లేటు మార్చేందుకు బండి విప్పినప్పుడు మరో నాలుగు చూడమని మెకానికును అడగండి. ఫ్లైవీలు ముఖం నున్నగా వున్నదా, గాట్లు పడ్డాయా? ఫ్లైవీలు మధ్యలోని చిన్న పైలట్ బేరింగు ఎట్లా వుంది? రిలీజు బేరింగు ఎట్లా వుంది? ఇంజను వెనుక ఆయిలు సీలు కారుతున్నదా? కొత్త ప్లేటుమీద నూనె చుక్క పడితే అది మళ్ళీ జారుతుంది. విప్పేందుకయ్యే కూలి ఒకటే గనుక చిన్న భాగాలు అప్పుడే మార్చుకోవడం లాభం. భాగాలకు రసీదు తీసుకోండి. తీసిన పాత భాగాలను అడిగి తెచ్చుకోండి, ఏది ఎట్లా అరిగిందో డ్రైవరుకు చూపించండి. నోటితో వందసార్లు చెప్పినదానికంటె కాలిన ప్లేటు ఒకసారి చూపిస్తే ఎక్కువ పనిచేస్తుంది.

ఇంతవరకు యంత్రానికి వచ్చే నష్టం చెప్పాను. ఇప్పుడు మనిషికి వచ్చే ప్రమాదం చెబుతాను, దయచేసి శ్రద్ధగా వినండి.

ట్రాక్టరు బురదలో దిగబడుతుంది. వెనుక చక్రాలకు దుంగ కట్టి ముందు గేరులో బయటకు లాగుదామని చూస్తారు. దుంగ బండికి తగులుకుంటుంది, చక్రం తిరగడానికి వీలుండదు. ఇంజనేమో తన బలం వదలదు. చక్రం తిరగనప్పుడు ఆ బలం ట్రాక్టరునే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు చక్రాలు పైకి లేచి బండి వెల్లకిలా డ్రైవరుమీద పడుతుంది. దీనికి రెండు సెకన్లు కూడా పట్టదు. దూకే వ్యవధి వుండదు. ముందు గేరుకు ఎంత 120 రెట్ల బలమో ఇందాక లెక్క వేశాం గదా, ఆ బలమే ఇక్కడ యముడవుతుంది. కనుక దిగబడితే ఆగండి. చక్రాల వెనుక మట్టి తవ్వి, రివర్సు గేరులో మెల్లగా వెనక్కు రండి. రాకపోతే మరొక ట్రాక్టరుతో లాగించండి. గొలుసును కింద వున్న హుక్కుకే తగిలించాలి, ఇరుసుకుగాని పై లింకుకుగాని కట్టకూడదు.

పల్లంలో దిగేటప్పుడు డీజిలు కలిసివస్తుందని న్యూట్రలు చేయడం మరొక ప్రాణాంతకమైన అలవాటు. గేరులో వున్న బండిని ఇంజనే వెనక్కు పట్టి ఆపుతూ వుంటుంది. న్యూట్రలు చేస్తే ఆ పట్టు పోతుంది. వెనుక ధాన్యం నిండిన ట్రాలీ తోస్తుంటే బ్రేకులు ఒక్కటే ఆపలేవు. ఏ గేరులో గట్టు ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడళ్ళనూ కలిపి కొక్కెం వేయాలి. ట్రాలీ సరుకుల బండి, కూలీల బండి కాదు. నాటుకు వెళ్ళే ఆడకూలీలను అందులో నింపి తీసుకుపోవడం చట్టమూ ఒప్పదు, మన మనస్సూ ఒప్పకూడదు. ఇక పి.టి.ఓ. షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. చీర కొంగు, తువ్వాలు చుట్టుకుంటే “అయ్యో” అనేలోపలే అయిపోతుంది. దాని తొడుగు తీసి పారవేయకండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. విత్తనాలు, ఎరువుల గురించి మనం చెప్పే సమావేశాలలోనే మే నెలలో ఒక పూట ట్రాక్టరుకు కేటాయించండి. యజమానినే కాదు, డ్రైవరును కూడా పిలవండి. ఒక స్కేలు, ఒక తెల్లగుడ్డ, ఒక గాజుసీసా చాలు. స్కేలుతో పెడలు ఆట, గుడ్డమీద నూనె రంగు, సీసాలో నీరు కలిసిన నూనె చూపించవచ్చు. లోతుగా నేర్చుకోదలచిన యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వంవారి దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ 1983లో ఏర్పడింది. యంత్రాలను నడపడంలో, పోషణలో, మరమ్మతులో రైతులకూ మెకానికులకూ అక్కడ శిక్షణ ఇస్తారు. వూరికొక్కరు నేర్చుకుని వచ్చినా ఆ వూరి దమ్ములు ఆగవు.

చివరగా, గుర్తుంచుకోవడానికి వీలుగా అంతా కుదించి చెబుతాను. రోజూ: దమ్ములప్పుడు కొలపుల్ల, ఇరుసు చివరల గడ్డి. పక్షానికొకసారి: పెడలు ఆట, బ్రీదరు. దమ్ముకు ముందు: క్లచ్చి పెట్టె బిరడా బిగింపు, రబ్బరు తొడుగు, సీళ్ళ పరీక్ష. దమ్ముకు తర్వాత: బిరడా తీయడం, నూనె మార్చడం. ఎప్పుడూ: కాలు పెడలుమీద వద్దు, పల్లంలో న్యూట్రలు వద్దు, చక్రాలకు దుంగ వద్దు. ఇంజను గంటల మీటరు చూసి, నూనె మార్చిన తేదీ, గంటలు సీటుపక్క రేకుమీద రంగుతో రాసి పెట్టండి. కాగితం పోతుంది గాని రంగు పోదు.

వేసవి ఇంకా మిగిలివుండగానే ఒక ఉదయం తీరిక చేసుకుని కొలపుల్ల తీసి చూడండి. ఆ పుల్ల చివర ఏమున్నదో అదే మీ సార్వా సంగతి ముందుగా చెబుతుంది.